పరిశీలకుడు గారు కులాసా

హాస్టల్, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

మౌనం గారికి,

నిన్న నువ్వు ఫోన్‌లో మాట్లాడిన మాటలన్నీ కాగితం మీద రాసుకుని చూశాను. "ఊఁ", "ఆఁ", "సరేనండి", మళ్ళీ "ఊఁ". కింద టైలర్ బాబాయిగారి కొట్లో నలుగురి ముందు ఫోన్ పట్టుకుంటే నీకు గొంతు పెగలదని తెలుసు. అందుకే ఇక ఫోన్లు మానేసి ఉత్తరాలే రాస్తాను. నువ్వూ రాయాలి. ఏడో తరగతి దాకా చదివినదానివి, రాదని తప్పించుకోకు.

మా ఎం.ఏ. క్లాసులో ఒక పద్ధతి ఉంది. మొదటిరోజే చీటీలు తీసి తలా ఒక దేశం ఇచ్చారు. ఏడాదంతా ఆ దేశం తరఫునే మాట్లాడాలి. క్యాంటీన్‌లో కూడా దేశం పేరుతోనే పిలుస్తారు. నాకు సముద్రం లేని చిన్న దేశం తగిలింది. నా గదిలో ఉండే పొడుగాయనకి పక్కనే రేవున్న పెద్ద దేశం. పొద్దున్నే స్నానాల గది దగ్గర నేను బకెట్ పట్టుకుని నిలబడితే, లోపలి నుంచి "రేవు వాడుకోవాలంటే ముందు ఒప్పందం కుదరాలి బావా" అని కేకేస్తాడు.

పెద్ద పెద్ద సభల్లో పరిశీలకుడని ఒకరుంటారట. ఓటు లేదు, మాట్లాడే హక్కు లేదు. ఊరికే కూర్చుని అన్నీ వింటారు. ఆ పాఠం జరుగుతుంటే నాకు నవ్వాగలేదు. మనింట్లోనూ ఒకరున్నారుగా, నీ కడుపులో! ఇకనుంచి వాడి హోదా అదే. ప్రతి ఉత్తరం చివరా పరిశీలకుడు గారి క్షేమం తెలియజేయాలి.

మా మాస్టారు చెప్పిన ఇంకో సంగతి. రెండు దేశాలు మాట్లాడుకున్నాక ఇద్దరూ కలిసి ఒక ప్రకటన ఇస్తారు. గొడవపడ్డామని అందులో ఎవరూ రాయరు. మరి తెలిసేదెలా? మాస్టారు కిందటిసారి ప్రకటన, ఈసారి ప్రకటన బల్లమీద పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్న వాక్యాలు పెన్సిల్‌తో కొట్టేశారు. కిందటి దాంట్లో ఒక్క వాక్యం మిగిలింది. "ఇదీ అసలు వార్త. చెప్పలేనిదాన్ని వదిలేసి చెబుతారు" అన్నారు. నా పరిశోధన కూడా దీనిమీదే చేద్దామనుకుంటున్నాను.

వచ్చేముందు నీ కుట్టుమిషన్‌ని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి జరిపానని కోపం పోయిందా? ఉయ్యాలకి గాలీ వెలుతురూ తగిలే చోటు అదొక్కటే కదా. పురుడు వేళకి సెలవు పెట్టి వస్తాను.

అమ్మకి ఉత్తరం చదివి వినిపించు. ముగ్గురూ జాగ్రత్త.

నీ రాయబారి


పైవాటా
మధ్యాహ్నం, వాన పడుతూ ఉంది

ఏమండీ,

నమస్కారాలు. ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు పాడుచేశాను. ఇది మూడోది.

మీ ఉత్తరం అత్తయ్యగారికి చదివాను. సముద్రం లేని దేశం ఇచ్చారంటే ఆవిడకి కోపం వచ్చింది. "అందరికీ మంచివి ఇచ్చి వీడికి అది అంటగట్టారా? చిన్నప్పుడూ ఇంతే, వీడు నోరున్నా అడగడు" అన్నారు. అది ఆట లాంటిదని చెప్పినా ఊరుకోలేదు. మాస్టారికి చెప్పి మార్పించుకోమని రాయమన్నారు. రాశాను.

కింద టైలర్ బాబాయిగారు మీరేం చదువుతున్నారని అడిగారు. దేశాల మధ్య సంబంధాలు అన్నాను. "అయితే దేశాలకి పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట! మా రెండోవాడికి ఎక్కడైనా ఒక సంబంధం చూడమను" అన్నారు. పిన్నిగారు ఆయన నెత్తిమీద టేపు పెట్టి కొట్టారు.

మిషన్ గురించి కోపమేమీ లేదు. కానీ లోపలి గోడ దగ్గర బాగా చీకటి. సూదిలో దారం ఎక్కించాలంటే గుమ్మం దాకా రావాలి. కాజాలు వంకర పోతున్నాయి. బాబాయిగారు ఏమీ అనరు, పక్కన పెట్టి మళ్ళీ ఆయనే కుట్టుకుంటారు. అదే నాకు సిగ్గుగా ఉంది. అయినా కిటికీ దగ్గర ఖాళీ అలాగే ఉంచాను. రోజూ తుడుస్తున్నాను. ఏమీ లేని చోటుని అన్నిసార్లు తుడుస్తావేంటని అత్తయ్యగారు నవ్వుతారు.

మీరు చెప్పిన ప్రకటనల సంగతి నాకు బాగా నచ్చింది. అక్కా నేనూ పోట్లాడుకున్నప్పుడు అమ్మ కూడా అంతే. అన్నం పెట్టేది, నీళ్ళు ఇచ్చేది, "తినమ్మా" అనేది మాత్రం మానేసేది.

రాసిందంతా అత్తయ్యగారికి చదివి వినిపించాలి కాబట్టి కొన్ని రాయడం లేదు. మీకు తెలుసు.

పరిశీలకుడు గారు కులాసా.

మీ ఇంటావిడ


హాస్టల్
ఆదివారం

మౌనం గారికి,

మూగనోము పట్టే మనిషి ఇంత రాసిందా! రెండుసార్లు చదివాను. అమ్మకి చెప్పు, మాస్టారు దేశం మార్చరట, కానీ సముద్రం లేకపోయినా పరువుగా బతకొచ్చన్నారు. నేను వదిలేసిన చదువు మళ్ళీ పట్టుకుంటానని ఎవరనుకున్నారు? క్లాసులో అందరికంటే పెద్దవాణ్ణి నేనే. "అన్నయ్యగారూ" అంటారు, రేవు మాత్రం ఇవ్వరు.

పరిశీలకుడు గారికి సందేశం: తమరు సభలో కాళ్ళు ఝాడించడం మొదలుపెట్టగానే నాకు తెలియజేయవలెను. అది నియమాలకి విరుద్ధమే, అయినా మన్నిస్తాం.

ఒక దీపం కొనుక్కో, కళ్ళు పాడుచేసుకోకు. ముగ్గురూ జాగ్రత్త.

నీ రాయబారి


పైవాటా
వాన తెరిపిచ్చింది

ఏమండీ,

నమస్కారాలు. ఉత్తరం ఆలస్యమైంది. ఏమీ అనుకోకండి.

ఇంటిపని అంతా అత్తయ్యగారే చూసుకుంటున్నారు. నన్ను మంచం దిగనివ్వడం లేదు. కింద పిన్నిగారు కొన్నాళ్ళు మా గదిలోనే పడుకున్నారు. ఆవిడ చాలా మంచి మనిషి. బాబాయిగారు పని ఏమీ పైకి పంపడం లేదు, తొందరలేదమ్మా అంటున్నారు.

దీపం ఇంకా కొనలేదు. మిషన్ మీరు పెట్టిన చోటే ఉంది.

మీకు రేవు దొరికిందా? పొడుగాయన గారు ఒప్పుకున్నారా?

మాస్టారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివారని రాశారు కదా. ఆ సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తూ ఉంటుంది. నా ఉత్తరాలు దాచుకుంటున్నారా? పారేయకండి. దాచుకోండి.

వేళకి తినండి. ఉంటాను.

మీ ఇంటావిడ


పైవాటా
అదే రోజు

అక్కా,

ఈ ఉత్తరం పిన్నిగారి చేత వేయిస్తున్నాను. ఇది ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు.

పోయింది అక్కా. ఐదో నెల నిండకుండానే. పొద్దున మిషన్ దగ్గర కూర్చుంటే నడుములో సన్నగా పట్టింది. కూర్చుని కూర్చుని అనుకున్నాను. సాయంత్రానికి ఆస్పత్రి. మగపిల్లాడు అని నర్సు చెప్పింది. అడగకముందే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది, "వాడు" అని ఆయన ఊరికే రాసిన మాట నిజమైపోయింది.

ఆస్పత్రి నుంచి రాగానే అత్తయ్యగారు నా చెయ్యి తన చేతిలో వేయించుకున్నారు. "వాడికి రాయకు. రాస్తే వచ్చేస్తాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇలాగే చదువు వదిలేసి వచ్చి, ఇన్నేళ్ళు ఆ ఆఫీసులో కాగితాలకి ముద్రలేస్తూ కూర్చున్నాడు. ఇప్పుడొస్తే మళ్ళీ వెళ్ళడు. నా కొడుకు ఒకసారి ఆగిపోవడం చూశాను, రెండోసారి చూడలేను" అన్నారు. నేను అబద్ధం రాయలేనన్నాను. "అబద్ధం వద్దు. ఆ ఊసే ఎత్తకు" అన్నారు. ఆవిడని తిట్టుకోకు. వంటింట్లో కుళాయి తిప్పి పెట్టి ఏడుస్తున్నారు, నాకు వినపడదనుకుని.

ఊసెత్తలేదు. ప్రతి ఉత్తరం చివరా బిడ్డ క్షేమం ఒక వాక్యం రాయమన్నారు ఆయన, మొదటిదాంట్లో రాశాను. ఈసారి అది రాయకుండా మానేశాను. చదివి వినిపిస్తే అత్తయ్యగారికి అనుమానం రాలేదు. కానీ ఆయన చూస్తారు అక్కా. రాయనిది చదవడమే ఆయన నేర్చుకుంటున్న చదువు. ఆయనే నాకు చెప్పారు. నేను మాట తప్పకుండానే ఆయనకి తెలుస్తుంది.

నువ్వు రావద్దు. నీ పిల్లల పరీక్షలు కానీ.

నీ చెల్లి


హాస్టల్
హడావిడిలో

మౌనం గారికి,

గబగబా నాలుగు ముక్కలు రాస్తున్నాను. పరిశోధనలో మొదటి అధ్యాయం మాస్టారికి ఇవ్వాలి. ఒక నది కోసం రెండు దేశాలు ఏళ్ళ తరబడి ఇచ్చిన ప్రకటనలన్నీ లైబ్రరీ నేలమీద పరుచుకుని కూర్చుంటున్నాను. లైబ్రరీ అమ్మగారు "మీరిక్కడే కాపురం పెట్టేలా ఉన్నారు" అంటోంది. పొడుగాయన రేవు ఇస్తానన్నాడు, కానీ అద్దెకి! వచ్చేవారం మళ్ళీ చర్చలు.

అమ్మని మెట్లు ఎక్కువ ఎక్కనివ్వకు. దీపం తప్పకుండా కొను. నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి.

జాగ్రత్త.

నీ రాయబారి


పైవాటా
ఎండ కాస్తోంది

ఏమండీ,

నమస్కారాలు. మీ ఉత్తరాన్ని మీ పాత ఉత్తరాల పక్కన పెట్టి, మీ మాస్టారిలాగే చదివాను. పెన్సిల్ లేదు, బాబాయిగారి కొట్లో బట్టమీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చుకున్నాను.

మీరు రాయని మాట నాకు అందింది.

ఇక్కడిదాకా చదివి వినిపిస్తే అత్తయ్యగారు "రాయని మాట ఏంటే?" అన్నారు. నాకు సిగ్గేసి తలవంచుకున్నాను. "సర్లే, మూగదానికి మాటలొచ్చాయి, నాకెందుకు" అని అవతలి గదిలోకి వెళ్ళిపోయారు. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం చూశాను.

నాకు ధైర్యం వచ్చిందండీ. నా దగ్గర అత్తయ్యగారు ఉన్నారు, పిన్నిగారు ఉన్నారు. మీరే అక్కడ ఒక్కరు. పైకి నవ్వుతూ రేవు గురించి రాశారు, అది ఎంత కష్టమో నాకు తెలుసు. లోపల దాచుకోకండి. పొడుగాయన గారితో అయినా నాలుగు మాటలు చెప్పుకోండి. ఆయన మంచివారిలాగే ఉన్నారు.

నేను మళ్ళీ కాజాలు కుడుతున్నాను. మిషన్ అక్కడే ఉంది. మీరే జరిపారు కాబట్టి, మీరు వచ్చినప్పుడు మీ చేత్తోనే మళ్ళీ జరుపుదురుగాని. అప్పటిదాకా ఆ చోటు అలా ఉండనిద్దాం.

మీ ఇంటావిడ


హాస్టల్

మౌనం గారికి,

నీ ఉత్తరం అందింది. ఇలాంటి ఉత్తరం నువ్వు రాయగలవని నాకు తెలియదు. ఎక్కువ రాయలేను ఇప్పుడు. దిండు కింద పెట్టుకున్నాను.

నీ రాయబారి


పైవాటా
చలి మొదలైంది

ఏమండీ,

దిండు కింద పెట్టుకున్నారని చదివి, ఆ కాగితం నేనూ అక్కడే పెట్టుకున్నాను. మీరింక ఏమీ రాయక్కర్లేదు. ఇంతే చాలు.

మీరు చదువు వదిలేసి రాకుండా ఉన్నందుకు అత్తయ్యగారి తరఫున నేను సంతోషిస్తున్నాను. వచ్చేయాలని ఎంత అనిపించి ఉంటుందో.

మీ ఇంటావిడ


హాస్టల్
శనివారం

నీకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాస్టారు నా అధ్యాయం తిప్పి పంపారు. "నువ్వు ఉన్నదాన్నే చదువుతున్నావు. లేనిది నీకు కనపడటం లేదు. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ రాసినవి ఏవైనా తీసుకుని కొన్నాళ్ళు సాధన చెయ్యి" అన్నారు. గదికి వచ్చాను. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ రాసినవి నా దగ్గర నీ ఉత్తరాలే ఉన్నాయి. మంచం మీద వరసగా పరిచి, పెన్సిల్ తీసుకున్నాను. పొడుగాయన చూసి "ఏంటి బావా, ఇంటావిడ మీద కూడా నిఘానా?" అన్నాడు. నవ్వాను కూడా.

"నమస్కారాలు", కొట్టేశాను. అమ్మ సంగతి, బాబాయిగారి సంగతి, మిషన్, దీపం, కొట్టేశాను. మొదటి ఉత్తరంలో ఒక వాక్యం మిగిలింది.

మిగతావి తిరగేశాను. ఎక్కడా లేదు. నిన్ను మంచం దిగనివ్వలేదని రాశావు. పిన్నిగారు వచ్చి పడుకున్నారని రాశావు. బాబాయిగారు పని పంపడం లేదని రాశావు. ఇన్నాళ్ళూ అవన్నీ నా కళ్ళముందే ఉన్నాయి. కడుపుతో ఉన్న మనిషిని అందరూ ఎంత బాగా చూసుకుంటున్నారో అనుకున్నాను. నెలలు లెక్కేసుకుని సెలవు చీటీ కూడా రాసి పెట్టుకున్నాను, పురుడుకి.

పొడుగాయన హాస్టల్ ఎదురుగా ఉన్న ఫోన్ కొట్టుకి తీసుకెళ్ళి బాబాయిగారికి ఫోన్ చేయించాడు. నా బదులు అతనే అడిగాడు. పిన్నిగారు చెప్పారు.

నీకు అబద్ధం చెప్పను. ఆ హడావిడి ఉత్తరంలో వాడి క్షేమం అడగలేదు, నాకేదో తెలిసి కాదు. తొందరలో మర్చిపోయాను. నువ్వు "మీరు రాయని మాట అందింది" అంటే, ప్రేమగా రాశావనుకున్నాను. దిండు కింద పెట్టుకున్నది అందుకే. నీ ధైర్యం ఏమిటో, నేనేం మోస్తున్నానని నువ్వనుకున్నావో, ఇవాళ తెలిసింది. నేనేమీ మోయలేదు. రేవు కోసం పోట్లాడుతూ హాయిగా ఉన్నాను.

వచ్చేవారం నుంచి పరీక్షలు, ఆఖరి చర్చలు. నువ్వు రమ్మంటే అన్నీ వదిలేసి వచ్చేస్తాను. ఒక్క మాట రాయి.

నేను


పైవాటా
పొద్దున

ఏమండీ,

మీ ఉత్తరం అత్తయ్యగారికి మొత్తం చదివాను, ఒక్క మాట వదలకుండా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ మాట నీకిచ్చేశాను. ఏం రాసుకుంటావో రాసుకో. నాకు చదవక్కర్లేదు" అన్నారు. అందుకని ఇది నేను ఒక్కదాన్నే రాస్తున్నాను.

బిడ్డ పోయినరోజు నేను ఎక్కువ ఏడవలేదు. పిన్నిగారు "ఏడువమ్మా, లోపల పెట్టుకోకు" అంటుంటే కూడా రాలేదు. మీకు తెలిశాక ఏడుద్దామనుకున్నాను. ఇద్దరిదీ కదా, ఒక్కదాన్నే ఎలా ఏడవను అనిపించింది.

మీ హడావిడి ఉత్తరం వచ్చింది. వాడి ఊసు లేదు, "ముగ్గురూ" లేదు. నాకు ఎంత సంతోషం వేసిందో మీకు చెప్పలేను. తెలుసుకున్నారు, అత్తయ్యగారి ముందు నేను ఇబ్బంది పడతానని పైకి అనలేదు అనుకున్నాను. ఆరోజు కడుపునిండా ఏడ్చాను. మీరూ అక్కడ ఏడుస్తున్నారనుకుని ఏడ్చాను. ఆ తర్వాత రోజూ మీ గురించే దిగులు. పరీక్షలకి చదువుకుంటూ, నలుగురిలో నవ్వుతూ, ఈ మనిషి ఎలా తట్టుకుంటున్నారా అని. నా బాధ పక్కన పెట్టి మీ బాధ మోశాను. అది తేలిగ్గా ఉండేది. ఇద్దరం ఒక బరువుని రెండు వైపులా పట్టుకున్నట్టు ఉండేది.

ఇప్పుడు అవతలివైపు ఎవరూ లేరని రాశారు.

నిజం రాశారు, మంచిదే. మీరు అబద్ధమాడి, "ముందే తెలుసు, నీకోసమే అనలేదు" అని రాసినా నేను నమ్మేదాన్ని. మీరు అలా రాయలేదు. మీరు మంచివారని నాకు తెలుసు. కానీ ఏమండీ, మీరు నన్ను చదివింది మాస్టారు చెప్పారని. ఆయన సాధన చెయ్యమనకపోతే, పురుడు వేళకి సంచి పట్టుకుని నవ్వుతూ గుమ్మంలోకి వచ్చి ఉండేవారు. రాత్రి పడుకుంటే అదే కనపడుతోంది. మీరు గుమ్మంలో నిలబడి పరిశీలకుడు గారేరీ అని అడుగుతున్నట్టు.

తప్పంతా మీదేనని కాదు. నేనూ నోరు విప్పి చెప్పలేదు. ఫోన్ చేసి ఉండొచ్చు. బాబాయిగారు అందరినీ బయటికి పంపించేవారు. నాకు మాట రాదని మీరు అంటే, నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఇకమీదట నన్ను మౌనం అనకండి.

వాడు మగపిల్లాడు. నర్సు తెల్లటి బట్టలో చుట్టింది. మొహం చూపించమంటే చూపించింది. నుదురు అచ్చం మీదే. చేతివేళ్ళు చాలా పొడుగ్గా ఉన్నాయి. ఇవన్నీ మీకు చెప్పాలని అప్పటినుంచీ దాచిపెట్టుకున్నాను.

రమ్మంటే వస్తానన్నారు. ఆ ఒక్క మాటా నన్నే రాయమన్నారు. నేను రమ్మని రాయను, వద్దని రాయను. పరీక్షలు రాస్తే అత్తయ్యగారి ప్రాణం నిలబడుతుంది. వస్తే తలుపు తీస్తాను. ఏదైనా మీరే తేల్చుకోండి. ఈ ఉత్తరాన్ని ఏ కాగితం పక్కనా పెట్టి చదవకండి, ఇందులో నేను వదిలేసింది ఏమీ లేదు.

ఇవాళ పొద్దున పిన్నిగారిని పిలిచి, ఇద్దరం కలిసి మిషన్‌ని కిటికీ దగ్గరికి లాగాం. చాలా బరువుగా ఉంది. ఒక కాలు నేలమీద గీరుకుపోయి పొడుగాటి గీత పడింది. మీరు వచ్చి జరుపుతారని ఇన్నాళ్ళూ ఉంచాను.

ఇక్కడ వెలుతురు బాగుంది. దారం ఒక్కసారికే ఎక్కింది.

ఇట్లు,
నేను